చీకటి చలికాలంలో కుంగిపోకుండా: ఏ పని ముందు, ఏ పని తర్వాత

మధ్యాహ్నం మూడింటికే దీపాలు వేసుకోవలసిన ప్రాంతాల్లో ఉండేవారు ఏటా అడిగే ప్రశ్న ఒకటే: ఈ దిగులు నుంచి, ఈ నిస్సత్తువ నుంచి బయటపడడం ఎలా? వ్యాయామం చేయమని, నలుగురిలో తిరగమని, సంతోషంగా ఉండమని అందరూ చెబుతారు. అందులో తప్పేమీ లేదు. అయితే మంచం దిగడమే గగనమైన మనిషికి అవి మొదటి మెట్టు కావు.

నేను పట్టుబట్టి చెప్పేది వరుస గురించి. ముందు కంటికి ఉదయపు వెలుతురు. తర్వాత మేల్కొనే వేళ. ఆపైన నడక, పనులు, మనుషులు. తలలో తిరిగే ఆలోచనల సంగతి వీటన్నిటి తర్వాత. ఈ వరుసలో వెళ్తే ఒక్కో మెట్టు దగ్గర కూడిన సత్తువ తర్వాతి మెట్టుకు అక్కరకొస్తుంది. తలకిందులుగా మొదలుపెట్టినవారు త్వరలోనే చతికిలబడి, లోపం తమలోనే ఉందనుకుని మరింత కుంగిపోతారు.

1. మీ పరిస్థితి ఎంతవరకు వచ్చిందో చూసుకోండి

కొందరికి చలికాలం కాస్త బద్ధకంతో, నిద్రమత్తుతో సరిపోతుంది. కొందరికి అది రుతువును బట్టి వచ్చే డిప్రెషన్. దీన్ని వైద్యులు సీజనల్ ఎఫెక్టివ్ డిజార్డర్ అంటారు. కనీసం రెండేళ్లు వరుసగా అదే కాలంలో వచ్చి, వసంతంలో దానంతటదే తగ్గుతుంటే ఈ సమస్యను అనుమానించాలి.

మామూలుగా డిప్రెషన్ అంటే నిద్ర పట్టకపోవడం, ఆకలి లేకపోవడం గుర్తొస్తాయి. చలికాలపు డిప్రెషన్‌లో చాలామందికి ఇందుకు భిన్నంగా జరుగుతుంది. అందుకే ‘నాకేం, బాగానే తింటున్నాను, పడుకుంటున్నాను’ అనుకుని ఆలస్యం చేస్తారు. గత రెండు వారాలను తలచుకుని, కింది వాటిలో మీకు వర్తించేవి గుర్తు పెట్టండి.

□ ఎంత నిద్రపోయినా తీరడం లేదు, ఉదయం లేవలేకపోతున్నాను
□ తీపి, పిండిపదార్థాల మీదికి మనసు పోతోంది, బరువు పెరుగుతున్నాను
□ కాళ్లూ చేతులూ బరువెక్కినట్టున్నాయి
□ ఇష్టమైన పనులు కూడా రుచించడం లేదు
□ ఫోను ఎత్తాలన్నా, మనుషుల్ని కలవాలన్నా వెనకాడుతున్నాను
□ చదివింది బుర్రకెక్కడం లేదు, చిన్న నిర్ణయం కూడా తీసుకోలేకపోతున్నాను
□ నేను ఎందుకూ పనికిరాననిపిస్తోంది
□ బతకాలని లేదన్న ఆలోచన వస్తోంది

ఒకటి రెండు గుర్తులే ఉండి, రోజువారీ పనులు నడుస్తుంటే ఈ మార్గదర్శిని మీకు మీరే అనుసరించవచ్చు. సగానికి పైగా ఉన్నా, ఉద్యోగమో చదువో ఇల్లో దెబ్బతింటున్నా, వీటిని మొదలుపెడుతూనే డాక్టరును కలవండి. చివరి గుర్తు ఒక్కటే ఉన్నా మిగతాదంతా పక్కనబెట్టి నేరుగా 9వ భాగానికి వెళ్లండి.

ఇంకొక జాగ్రత్త. థైరాయిడ్ మందగించినా, రక్తహీనత ఉన్నా, విటమిన్ బి12 తగ్గినా ఇలాంటి నీరసమే వస్తుంది. రక్తపరీక్ష చేయించుకోకుండా నెపమంతా చీకటి మీదికి నెట్టకండి.

2. పగళ్లు కురచ కాకముందే సిద్ధం కండి

చలికాలం నడిమధ్యలో మేలుకోవడం చాలామంది చేసే పొరపాటు. అప్పటికి లైట్ బాక్స్ (ఉదయం ఎదురుగా కూర్చునే తీక్షణమైన వెలుతురు దీపం) కొనడానికి, డాక్టరు అపాయింట్‌మెంట్ తీసుకోవడానికి కూడా ఓపిక మిగలదు. నిరుడు మీకు దిగులు మొదలైంది ఏ నెలలోనో గుర్తు చేసుకోండి. పాత ఫోటోలు, సందేశాలు, ఆఫీసు సెలవుల లెక్క చూస్తే అంచనా దొరుకుతుంది. అంతకు మూడు నాలుగు వారాల ముందే కింది పనులు ముగించండి. దక్షిణార్ధగోళంలో ఉన్నవారికి నెలలు మారతాయి, పద్ధతి మారదు.

□ ఎక్కువసేపు కూర్చునే బల్లను కిటికీ పక్కకు జరపడం
□ కిటికీ అద్దాలు తుడిచి, మందపాటి తెరలను పగలు పూర్తిగా తొలగేలా అమర్చడం
□ వానకూ మంచుకూ తట్టుకునే కోటు, జారని బూట్లు తలుపు దగ్గరే ఉంచడం
□ లైట్ బాక్స్ వాడే ఉద్దేశం ఉంటే డాక్టరును అడిగి ముందే తెచ్చుకోవడం
□ వారానికోసారి మీ మంచిచెడులు అడగమని నమ్మకమైన మనిషికి చెప్పడం
□ నిద్ర, వెలుతురు, మనసు స్థితి రాసుకోవడానికి ఒక చిన్న పుస్తకం

ఆ పుస్తకంలో రోజుకు ఒక్క వరుస చాలు: ఎన్నింటికి లేచాను, ఎంతసేపు వెలుతురులో ఉన్నాను, మనసుకు సున్నా నుంచి పదిలో ఎన్ని మార్కులు. కుంగినప్పుడు జ్ఞాపకశక్తి కూడా నల్లద్దాలే పెట్టుకుంటుంది, గడిచిన వారమంతా చెడ్డదేనని చెబుతుంది. రాసిపెట్టుకున్న అంకె ఉంటే ఆ మాట ఎంతవరకు నిజమో తేలుతుంది.

3. ఆరుబయటి వెలుతురు పట్టుకోండి

కంటి రెటీనాలో చూపుతో నిమిత్తం లేకుండా వెలుతురును మాత్రమే కొలిచే కణాలున్నాయి. అవి మెదడులోని జీవగడియారానికి తెల్లారిందని కబురు పంపితే నిద్ర తెప్పించే మెలటోనిన్ తగ్గుతుంది. భూమధ్యరేఖకు 60 డిగ్రీల ఉత్తరాన డిసెంబరు చివర్లో పగలు సుమారు ఆరు గంటలే. సూర్యుడు మిట్టమధ్యాహ్నం కూడా ఆకాశం అంచుకు ఏడు డిగ్రీల లోపే ఉంటాడు. చీకట్లో లేచి, చీకట్లో పనికి వెళ్లి, చీకట్లో తిరిగొచ్చేవారికి ఆ కబురు సరిగా అందదు.

ఇంట్లో దీపాలన్నీ వేసినా మామూలుగా 100 నుంచి 500 లక్స్ (వెలుతురును కొలిచే ప్రమాణం) వెలుతురే ఉంటుంది. మబ్బు పట్టిన పగలు కూడా బయట వెయ్యి నుంచి పదివేల లక్స్ దాకా ఉండవచ్చు. మన కన్ను ఈ తేడాకు సర్దుకుపోతుంది కాబట్టి గది చాలినంత వెలుగుగా ఉందని భ్రమపడతాం. ‘ఎండ లేదు కదా, బయటికి వెళ్లి ఏం లాభం’ అనే మాట ఇక్కడే తప్పుతుంది.

• తెల్లవారిన గంటా రెండు గంటల్లోపు అరగంట బయట ఉండండి. వీలుకాకపోతే పది నిమిషాలైనా ఉండండి.
• పొద్దున చీకటిగా ఉండగానే పని మొదలయ్యేవారు మధ్యాహ్న విరామాన్ని బయటే గడపాలి.
• కిటికీకి ఆనుకుని కూర్చోవడం మేలే. రెండు మూడు మీటర్లు వెనక్కి జరిగితే వెలుతురు బాగా పడిపోతుంది.

4. లైట్ బాక్స్ వాడే పద్ధతి

బయటి వెలుతురు చాలనివారికి, అసలు దొరకనివారికి ఇది బాగా పనికొచ్చే సాధనం. ఎక్కువ తప్పులు జరిగేది కూడా ఇక్కడే కాబట్టి నిదానంగా చదవండి.

ముందుగా, ఎవరు డాక్టరును అడగకుండా మొదలుపెట్టకూడదో చూద్దాం:

□ బైపోలార్ సమస్య (మనసు దిగులు నుంచి మితిమీరిన ఉత్సాహానికి ఊగే జబ్బు) ఉన్నవారు, లేదా ఎప్పుడైనా అకారణంగా ఉధృతమైన ఉత్సాహం వచ్చి రోజుల తరబడి నిద్రే అక్కర్లేదనిపించినవారు. వీరిలో తీక్షణమైన వెలుతురు ఉన్మాద స్థితిని రేపవచ్చు.
□ రెటీనా జబ్బు, గ్లాకోమా, మధుమేహం వల్ల కంటి సమస్య ఉన్నవారు. వీరు కంటి డాక్టరును అడగాలి.
□ వెలుతురును తట్టుకోనివ్వని మందులు వాడేవారు. డాక్సీసైక్లిన్ వంటి కొన్ని యాంటీబయాటిక్స్, మొటిమలకు ఇచ్చే ఐసోట్రెటినోయిన్, మూలికా మందు సెయింట్ జాన్స్ వర్ట్ ఈ కోవలోవి.

ఎంచుకునేటప్పుడు పెట్టె మీద 10,000 లక్స్ అని ఉంటే చాలదు. ఎంత దూరంలో కూర్చుంటే అంత వెలుతురు అందుతుందో కూడా రాసి ఉండాలి. చిన్న పరికరాలు చాలావాటిలో ఆ దూరం జానెడు కూడా ఉండదు. దానికి ముఖం ఆనించి రోజూ ఎవరూ కూర్చోలేరు. వెలుగు పలక వెడల్పుగా ఉండి, 30 నుంచి 60 సెంటీమీటర్ల దూరంలో ఆ కొలత ఇచ్చేది వెతకండి. అతినీలలోహిత కిరణాలను వడగట్టేదై ఉండాలి. తెల్లని వెలుతురు సరిపోతుంది, ప్రత్యేకంగా నీలిరంగు అవసరం లేదు. చర్మం రంగు మార్చే టానింగ్ దీపాలు ఇందుకు పనికిరావు, పైగా కంటికీ చర్మానికీ హాని.

వాడే క్రమం ఇది:

• నిద్రలేచిన గంటలోపు, రోజూ ఒకే వేళకు కూర్చోండి.
• పరికరాన్ని కంటికి కాస్త పైన, ఒక పక్కకు, ముఖం వైపు వంచి పెట్టండి. తయారీదారు చెప్పిన దూరాన్ని ఒకసారి టేపుతో కొలిచి బల్ల మీద గుర్తు పెట్టుకోండి.
• కళ్లు తెరిచి ఉంచండి, కానీ దీపాన్ని తేరిపార చూడకండి. చదువుకోండి, టిఫిన్ తినండి, పని చేసుకోండి.
• మొదటి రెండు మూడు రోజులు 10 నుంచి 15 నిమిషాలు, ఆ తర్వాత 20 నుంచి 30 నిమిషాలు. పరికరం 2,500 లక్స్ మాత్రమే ఇచ్చేదైతే దాదాపు రెండు గంటలు పడుతుంది.
• వారమంతా చేయండి. సెలవు రోజని మానకండి.

కొందరికి నాలుగైదు రోజుల్లోనే తేడా తెలుస్తుంది. ఎక్కువమంది విషయంలో రెండు వారాలు చూడాలి. తలనొప్పి, కళ్లు లాగడం, వికారం, చిరాకు వస్తే సమయం తగ్గించండి, లేదా కాస్త దూరం జరగండి. చాలావరకు ఇవి కొద్ది రోజుల్లో సర్దుకుంటాయి. సాయంత్రం పూట వాడితే చాలామందికి రాత్రి నిద్ర చెడుతుంది.

5. లేచే వేళను కట్టుదిట్టం చేయండి

పడుకునే వేళ మన చేతిలో పూర్తిగా ఉండదు. లేచే వేళ ఉంటుంది. పనిదినానికీ సెలవుకూ మధ్య తేడా గంటకు మించనివ్వకండి. ఆదివారం పదకొండు దాకా ముసుగుతన్ని పడుకుంటే ఆ రాత్రి నిద్ర వెనక్కి జరుగుతుంది, సోమవారం ఉదయపు వెలుతురు చేజారుతుంది. వారమంతా కూడగట్టినది రెండు రోజుల్లో పోతుంది.

చీకట్లో అలారం మోతకు లేవలేనివారికి తెల్లవారుజామును అనుకరించే దీపం సాయపడుతుంది. లేవవలసిన వేళకు అరగంట ముందు నుంచి అది మెల్లగా వెలుగు పెంచుతుంది. అది లైట్ బాక్స్ చేసే పని మొత్తం చేయదు, లేవడాన్ని మాత్రం తేలిక చేస్తుంది.

• అలారాన్ని మంచానికి దూరంగా పెట్టండి. లేవగానే గది దీపాలన్నీ వేయండి.
• పగటి నిద్ర తప్పకపోతే మూడింటిలోపు, ఇరవై నిమిషాలు మించకుండా.
• పడుకునే ముందు గంటన్నర నుంచి ఇంటి దీపాలు తగ్గించండి, ఫోను తెర వెలుగు కూడా.

రాత్రి షిఫ్టులు చేసేవారికి ‘ఉదయం’ అంటే వారు నిద్రలేచే వేళ. షిఫ్టులు మారుతూ ఉంటే వెలుతురు ఎప్పుడు తీసుకోవాలో సొంతంగా నిర్ణయించుకోకుండా నిద్ర వైద్యుల సలహా తీసుకోవడం మంచిది.

6. కదలిక, పనులు, మనుషులు

వెలుతురు, లేచే వేళ ఒక వారం కుదురుకున్నాక ఇది మొదలుపెట్టండి. నడకను మూడో భాగంలోని అరగంటతో కలిపేస్తే రెండూ ఒకేసారి అవుతాయి. వారానికి 150 నిమిషాల చురుకైన నడక ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు చెప్పే కనీస లెక్క. అక్కడికి చేరడానికి నెల పట్టినా ఫరవాలేదు.

మనసుకు హుషారు వచ్చాక చేద్దామని కూర్చుంటే ఆ రోజు రాదు. కుంగుబాటులో ముందు పని, ఆ వెనక హుషారు. మానసిక చికిత్సకులు ఈ సూత్రం మీదే రోజువారీ పనుల పట్టిక రాయిస్తారు. మీరూ రాయవచ్చు:

• రాత్రే రేపటికి రెండు పనులు రాయండి. ఒకటి తప్పనిసరిది, ఒకటి ఒకప్పుడు మీకు ఇష్టమైనది.
• వేళ, చోటు కూడా రాయండి. ‘స్నేహితుడితో మాట్లాడాలి’ అని కాక, ‘సాయంత్రం ఆరింటికి ఫోను చేయాలి’ అని.
• పనిని సగానికి కోయండి. భారంగానే ఉంటే మళ్లీ సగానికి. గిన్నెలన్నీ అక్కర్లేదు, నాలుగు గిన్నెలు.
• చేయక ముందు, చేశాక మనసుకు మార్కులు వేయండి. ఏ పని మీకు మేలు చేస్తుందో పది రోజుల్లో తెలిసిపోతుంది.

మనుషుల విషయంలో ఒక మాట. ఒంటరితనం ఈ కాలంలో నెమ్మదిగా అలవాటైపోతుంది. పిలుపులు రెండు మూడు కాదంటే నాలుగోది రాదు. పెద్ద సమావేశాలకు వెళ్లలేకపోతే వెళ్లకండి. ఒక మనిషితో, వారంలో ఒకే రోజు, ఒకే వేళకు కలవడం ఖాయం చేసుకోండి. ప్రతిసారీ కొత్తగా నిర్ణయించవలసిన అవసరం లేకపోతే కాదనడం కష్టమవుతుంది, అదే మనకు కావలసింది. అవతలివారికి ఉన్న సంగతి చెప్పండి: ‘ఈ నెలల్లో నేను ముభావంగా ఉంటాను. నీ మీద కోపం కాదు. నేను ఫోను చేయకపోయినా నువ్వు చేయి.’

7. తలలో తిరిగే మాటలతో ఎలా

చలికాలం చెడ్డదన్న నమ్మకం కూడా చలికాలాన్ని బరువెక్కిస్తుంది. ‘ఈ నాలుగు నెలలూ నేను చచ్చినట్టే’ అని అక్టోబరులోనే తీర్మానించుకుంటే ఆ నెలల్లో ప్రయత్నించేది ఏమీ ఉండదు. దీని మీద పనిచేసేది కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ, అంటే ఆలోచనల తీరునూ అలవాట్లనూ మార్చే మాటల చికిత్స. అమెరికాలో జరిగిన ఒక అధ్యయనం 2016లో వెలువడింది. అందులో ఈ చికిత్స తీసుకున్నవారికి రెండు చలికాలాల తర్వాత సమస్య తిరగబెట్టడం, లైట్ బాక్స్ మాత్రమే వాడినవారితో పోలిస్తే తక్కువగా కనిపించింది. చికిత్సకులు దొరికితే శరత్కాలంలోనే మొదలుపెట్టడం మేలు.

ఇంట్లో చేయగలిగేది ఇది. వేధించే వాక్యాన్ని ఉన్నదున్నట్టు కాగితం మీద పెట్టండి. అది నిజమనడానికి ఏముంది, కాదనడానికి ఏముంది, రెండూ పక్కపక్కనే రాయండి. తర్వాత నిజానికి దగ్గరగా ఉండే వాక్యం రాయండి. ‘నాకేదీ చేతకావడం లేదు’ అన్నది ‘ఈ వారం నెమ్మదించాను, ఆఫీసు పని ముగించాను, ఇల్లు సర్దలేకపోయాను’ అవుతుంది. బలవంతపు ఆశావాదం వద్దు. మీరే నమ్మని వాక్యం మీకు పనికిరాదు.

8. తిండి, కాఫీ, మద్యం, విటమిన్ డి

ఇక్కడ చెప్పవలసింది తక్కువ. తీపి మీది యావను తిట్టుకోవద్దు, అది లక్షణమే. ఉదయం భోజనంలో మాంసకృత్తులు ఉండేలా చూసుకుని, ఆకలి ముదరకముందే తింటే యావ కొంత తగ్గుతుంది. కాఫీలోని కెఫీన్ సగం కరగడానికి దాదాపు ఐదు గంటలు పడుతుంది కాబట్టి మధ్యాహ్నం తర్వాత ఆపండి. మద్యం ఆ పూటకు తేలిక చేసి, నిద్రనూ మర్నాటి మనసునూ పాడుచేస్తుంది.

విటమిన్ డి పరీక్షలో తక్కువగా ఉంటే డాక్టరు చెప్పిన మోతాదులో వేసుకోండి, ఎముకలకు అది అవసరం. దిగులుకు అదే మందు అనుకుని లైట్ బాక్స్ మానకండి. లైట్ బాక్స్ పనిచేసేది కంటి ద్వారా, అది విటమిన్ డి ఇవ్వదు. రెండూ వేర్వేరు.

9. డాక్టరు దగ్గరికి ఎప్పుడు

• లైట్ బాక్స్, లేచే వేళ రెండూ సరిగ్గా పాటించినా రెండు మూడు వారాల్లో మార్పు లేకపోతే
• పనికి, చదువుకు వెళ్లలేకపోతుంటే
• పిల్లల్ని, ఇంట్లోవారిని చూసుకోలేకపోతుంటే
• మద్యం లేనిదే సాయంత్రం గడవకపోతుంటే

డిప్రెషన్ తీవ్రతను కొలవడానికి డాక్టర్లు వాడే పీహెచ్‌క్యూ-9 పట్టికలో తొమ్మిది ప్రశ్నలుంటాయి, మొత్తం 27 మార్కులు. పది గానీ అంతకు మించి గానీ వస్తే చికిత్స గురించి మాట్లాడవలసిందే. మీ పుస్తకం వెంట తీసుకెళ్లండి. మందులు అవసరమైతే సంకోచించకండి. బ్యూప్రోపియాన్ అనే డిప్రెషన్ మందును, ఒంట్లో నెమ్మదిగా విడుదలయ్యే మాత్ర రూపంలో, రుతువును బట్టి వచ్చే డిప్రెషన్ రాకుండా ముందే వాడేందుకు అమెరికా 2006లో అనుమతించింది. మూర్ఛ వ్యాధి ఉన్నవారికి అది పనికిరాదు. ఫ్లూయోక్సెటిన్, సెర్ట్రలిన్ వంటి డిప్రెషన్ మందులు కూడా ఇస్తారు. ఏదైనా పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది, కాస్త బాగుందని మీకు మీరే ఆపేయకూడదు. సెయింట్ జాన్స్ వర్ట్‌ను ఈ మందులతో కలపడం ప్రమాదకరం.

చనిపోవాలన్న ఆలోచన వస్తే ఇవాళే ఒకరికి చెప్పండి. ‘నాకు బతకాలని లేదు, నాతో ఉండు’ అన్న మాట చాలు, వివరణ అక్కర్లేదు. మీరున్న దేశపు అత్యవసర నంబరుకు ఫోను చేయండి, లేదా దగ్గరి ఆసుపత్రి అత్యవసర విభాగానికి వెళ్లండి. ఆ నంబర్లు ఇప్పుడే ఫోనులో భద్రపరచండి. మందులు, పదునైన వస్తువులు వేరొకరి దగ్గర ఉంచండి. పక్కనున్న మనిషి విషయంలో మీకు అనుమానం ఉంటే నేరుగా అడగండి. అడిగితే ఆ ఆలోచన పుడుతుందన్నది నిజం కాదు.

10. మెరుగు కనిపించకపోతే ఎక్కడ వెతకాలి

• వెలుతురు తీసుకుంటున్నా ఫలితం లేదు: దూరం మళ్లీ కొలవండి. మొదట చూడవలసింది అదే. తర్వాత వేళ చూడండి, పది గంటలకు వాడుతుంటే ఏడింటికి జరపండి.
• తెల్లవారుజామున మూడింటికే మెలకువ వస్తోంది, రాత్రి ఎనిమిదికే కళ్లు మూతపడుతున్నాయి: లైట్ బాక్స్‌ను ఇంకాస్త ఆలస్యంగా వాడండి, నిమిషాలు తగ్గించండి.
• బాగుపడి మళ్లీ పడిపోయారు: పుస్తకం తిరగేయండి. ఎక్కువసార్లు అంతకు మూడు నాలుగు రోజుల ముందు వెలుతురు మానిన గుర్తు కనిపిస్తుంది.
• అన్నీ ఒకేసారి మొదలుపెట్టి అలసిపోయారు: 3, 5 భాగాలు మాత్రం ఉంచి మిగతావి వారం ఆపండి.
• ఒక రోజు తప్పింది: మర్నాడు రెట్టింపు చేయకండి. ఎప్పటిలాగే కూర్చోండి.

11. వసంతంలో ఆపేటప్పుడు

మొదటి ఎండ రోజు చూసి లైట్ బాక్స్ అటకెక్కించకండి. మామూలుగా మీకు తెరిపి దొరికే నెల దాకా కొనసాగించి, ఆ తర్వాత వారానికి ఐదు నిమిషాల చొప్పున తగ్గించండి. దిగులు తిరిగొస్తే వెనకటి సమయానికి వెళ్లి మరో వారం ఆగండి. మందులైతే డాక్టరు చెప్పిన క్రమంలోనే తగ్గించాలి.

పగళ్లు పొడవయ్యాక కూడా కుంగుబాటు తగ్గకపోతే అది రుతువు వల్ల వచ్చినది కాకపోవచ్చు, కాబట్టి మళ్లీ పరీక్ష చేయించుకోండి. వసంతం రాగానే నిద్ర బాగా తగ్గిపోయి, మాట వేగం పెరిగి, డబ్బు విచ్చలవిడిగా ఖర్చవుతుంటే దాన్ని కోలుకోవడం అనుకోకూడదు. వెలుతురు చికిత్స వెంటనే ఆపి, ఆ వారమే మానసిక వైద్యులను కలవండి. ఈ మార్పు మీకంటే ముందు ఇంట్లోవారికి తెలుస్తుంది, కాబట్టి ఈ చివరి పేరాను వారితో కూడా చదివించండి.